పారేసిన రెండు నిమిషాలు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే పది రోజులు పట్టింది.

ఆస్పత్రిలో నేల తుడిచే ఆవిడకు ఒక్కతే కూతురు. తండ్రి ఇంట్లో జారిపడి పోయిన రోజు నుంచి, నాలుగు నెలలుగా, ఆ పిల్ల నోరు విప్పలేదు. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అదే ఆస్పత్రిలో చేర్పించింది తల్లి.

కలలను బట్టి మనసు చదివే కలల డాక్టరమ్మ, "ఏడుపు లోపలే ఉంది, తనకే తెలియకుండా దాచుకుంది" అనేది. వైర్ల డాక్టరు పిల్ల వేళ్లకు తీగలు తగిలించి "నాన్న", "చావు" అని మాటలు చదివేవాడు. మనసు ఉలిక్కిపడితే మిషను కాగితం మీద లేవాల్సిన గీత కదిలేది కాదు.

"ఉంటే గీతలో కనబడాలి కదండీ! నేతిబీరకాయలో నెయ్యి వెతుకుతున్నారు మీరు" అనేవాడతను.

"మీ గీతకు అందిందే లోతా బాబూ?"

ఒకరోజు ఇద్దరూ, రేపటికీ గీత కదలకపోతే పిల్లను పెద్ద వార్డుకు పంపేస్తామన్నారు. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం తల్లి ఎన్నడూ చూడలేదు. ఆ నేలా తనే తుడుస్తుంది.

ఆ సాయంత్రం చెత్తబుట్టలో కాగితం ముక్కలు కనబడ్డాయి. ప్రతి ముక్కలోనూ గీత కొండలా లేచి ఉంది.

"ఇవేంటి బాబూ?" అని వైర్ల డాక్టరును అడిగింది.

"మొదటి రెండు నిమిషాలమ్మా. మనిషి కుదురుకునేదాకా లెక్కలోకి తీసుకోం. చించి పారేస్తాం."

ఆమె తన బకెట్టు వైపు చూసింది. ఆ రెండు నిమిషాలూ రోజూ ఆ గదిలో బకెట్టు పెట్టుకుని నేల తుడిచేది తనే. తండ్రి జారిపడిన రోజు ఇంట్లో నేల తుడిచింది కూతురు.

"బాబూ, మీ కాళ్లు పట్టుకుంటా. రేపొక్కసారి నా బకెట్టుతో చూడండి."

పొద్దున డాక్టరు పిల్ల వెనక ఐదుసార్లు తలుపు కొట్టించాడు, ఐదుసార్లు బకెట్టు చప్పుడు చేయించాడు, ఒక వరస లేకుండా. తలుపుకు గీత లేవలేదు. బకెట్టుకు ప్రతిసారీ లేచింది.

"ఉన్నదాన్ని నేనే పారేశాను" అన్నాడతను.

"నేనూ పోయిన మనిషి గురించే అడిగాను, తడి నేల గురించి అడగలేదు" అంది డాక్టరమ్మ.

తల్లికి అవేవీ వినబడలేదు. కూతురి ముందు చతికిలబడింది.

"తల్లీ, ఆ పూట తుడవమని చెప్పింది నేనే. ఆ పాపం నాది."

పిల్ల పెదవులు కదిలాయి. "నాన్నా... తడి... ఆగు."

ఆ రోజు అనలేకపోయిన మాట అది. ఆ తర్వాత ఏడుపు. గీత కాగితం అంచు దాటిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

బకెట్టమ్మ, అరవై రెండేళ్లు.
ఇప్పుడు కూతురింట్లో, వీధి వైపు గదిలో ఉంటున్నాను.