రికార్డు పుట్టిన ఘడియ

మా ఆయన ఏ వేళకు పుట్టారో నాకు మికాగె నోటి నుంచి తెలిసింది. తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకట. ముప్పై ఏళ్లుగా ఆయనకు మధ్యాహ్నం తిండికి బెంటో డబ్బా సర్దుతున్నాను, మోకాలికి పట్టీ వేస్తున్నాను. ఆ సంగతి నేనెన్నడూ అడగలేదు, నా సంగతి ఆయనా అడగలేదు. ఆమె అడిగేసరికి మాత్రం నగానోలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసి, తల్లీబిడ్డల పుస్తకం పోస్టులో తెప్పించుకున్నారు. కాన్పయిన నిమిషంతో సహా అందులో రాసి ఉంటుంది. అత్తగారు నాకెప్పుడూ చూపించని పుస్తకం అది. నేరుగా వెళ్లి మికాగె చేతిలో పడింది.

మికాగె జాతకాలు చెబుతుంది. మనుషులకే కాదు, రికార్డులకు కూడా. కోఎంజి స్టేషను వెనక మెట్లు దిగితే ఒక కాఫీ హోటలు ఉంది. నెలకో శనివారం మధ్యాహ్నం అక్కడ ఒక పాత రికార్డు పెట్టి, అది విడుదలైన రోజుకు చక్రం వేసి, ఏ పాటలో ఏ గ్రహం పలుకుతోందో వివరిస్తుంది. నలభై దాటి ఉండవు. బూడిద రంగు స్వెటరు, పొట్టి గోళ్లు, వేలికి ఉంగరమైనా లేదు. పూసలూ పట్టు శాలువాలూ వేసుకునే రకమైతే నాకింత బాధ ఉండేది కాదు.

"మికాగె గారు ఇవాళ ఏమన్నారో తెలుసా?" అంటూ మొదలయ్యేది మా ఇంట్లో భోజనం.

"చేపలో ముళ్లున్నాయి, చూసుకుని తినండి" అనేదాన్ని.

నవంబరులో 'ఆరో అంతస్తు' వంతు వచ్చింది. ముగ్గురు కుర్రాళ్లు ఒక్క గిటారైనా ముట్టకుండా, అంతా సింథసైజర్లతో చేసిన రికార్డు. మా ఆయనకది ప్రాణం. నేనూ వస్తానన్నాను.

"నీకు విసుగేమో, చిజురూ."

"విసుగేస్తే కాఫీ తాగుతాను లెండి."

తొమ్మిది మంది వచ్చారు. మికాగె చక్రం గీసిన కాగితం గోడకు అంటించి, మొదటి పాటలోని యంత్రపు డప్పు కుజుడన్నది. మూడో పాటలో ఒకే స్వరం నాలుగు నిమిషాలు చుక్కలు చుక్కలుగా పడుతుంది. అది శని వెనక నక్కిన శుక్రుడట. చెప్పడం వచ్చిన మనిషి. నాక్కూడా కాసేపు అలాగే వినిపించింది, అందుకే మరీ మండింది.

"విడుదల నవంబరు ఇరవై ఐదు. హిరోసే గారు ఆ పొద్దున్నే కొన్నారట. చంద్రుడు కుంభంలో ఉన్నాడు. విచిత్రం చూడండి, హిరోసే గారి చంద్రుడూ కుంభంలోనే, నాదీ అంతే. ఇది మా ఇద్దరి కోసం పుట్టిన రికార్డు" అన్నది మికాగె, మా ఆయన వైపు తిరిగి.

మంగలి కుగా తొడ చరిచాడు. "ఇంకేం హిరోసే, రాశులు కలిశాయి. ముహూర్తం పెట్టించెయ్!" అంతలో నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మీరూ వచ్చారా!"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రికార్డు ఆయనకు అమ్మింది నేను. పక్క స్టేషను నకానోలో మా మామయ్య రికార్డుల కొట్లో కౌంటరు మీద ఉండేదాన్ని. మేం కలిసిందే దానివల్ల. ఇన్ని శనివారాలు కబుర్లు చెప్పిన మనిషి ఆ ముక్క ఒక్కటీ చెప్పలేదన్నమాట.

"ఇరవై ఐదు కాదు, ఇరవై నాలుగు" అన్నాను.

మికాగె రికార్డు అట్టకున్న కాగితపు పట్టీ చూపించింది. "ఇరవై ఐదనే ఉందండీ."

"పట్టీ మీద అలాగే ఉంటుంది. సరుకు ముందు రోజు మధ్యాహ్నమే కొట్టుకు వస్తుంది. తెల్లారేదాకా అమ్మకూడదని కట్టడి. కావలసిన వాళ్లకు కౌంటరు కింద నుంచి ఇచ్చేస్తారు, ఏ కొట్లోనైనా. ఈయనకు న్యూస్‌పేపరులో చుట్టి ఇచ్చింది నేనే." ఆయన వైపు తిరిగాను. "పొద్దున కొన్నానని ఎందుకు చెప్పారు?"

"నువ్వేగా ఎవరికీ చెప్పొద్దన్నావు. మీ మామయ్యకు మాటొస్తుందని."

"మామయ్య పోయి పదకొండేళ్లయింది!"

"ఇక చెప్పొచ్చని నువ్వెప్పుడన్నావు?"

సంతోషించాల్సిన మాటే. కానీ నా కళ్లు ముందు మికాగె మొహం మీదికి వెళ్లాయి. అది వాడిపోతే చూద్దామని. వాడలేదు. పంచాంగం తిరగేసి, చిన్నపిల్లలా ఎగిరింది.

"ఇరవై నాలుగునే ఇచ్చారా! అయితే చంద్రుడింకా మకరం దాటలేదు!" రబ్బరు తీసి కుంభంలోని చంద్రుణ్ణి తన చేత్తోనే చెరిపేసింది. అప్పటికి నా కాఫీకి రుచి వచ్చింది.

"కొన్నవాళ్ల చేతికి మొదటిసారి అందిన క్షణమే దాని పుట్టుక. అందించిన చేతులు మీవే చిజురు గారూ! ఎన్ని గంటలకిచ్చారు?" పెన్సిలు నా వైపు ఎత్తి ఉంది.

నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఐదైందని పేట మైకులో వేసే పాట ఆ రోజు అప్పుడే ఆగింది. ఆ నిశ్శబ్దంలో కాగితం మడతల చప్పుడుకే ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"గుర్తు లేదండీ" అన్నాను.

"హిరోసే గారూ, మీకు?"

ఆయన నోరు తెరిచారు. నా వైపు చూశారు. నేను ఖాళీ కప్పులో చెంచా తిప్పుతున్నాను.

"నాకూ గుర్తు లేదు" అన్నారు.

"అయ్యో, వేళ తెలియకపోతే చక్రంలో పన్నెండు భావాలూ కుదరవే" అన్నది మికాగె. నిజంగానే బాధపడింది.

"కుదరకపోతే పోనీండి" అన్నాను.