పద్నాలుగో నంబరు తుమ్మ

ఆదోనిలో బండి చక్రం చేయాలంటే మాబు సాబ్ తర్వాతే ఎవరైనా. ఆ మాట ఊరే అనేది. అదే ఊరు తర్వాత అతన్ని చేతగానివాడంది. ఊరి నోటికి తాళమెవరు వేస్తారు?

చక్రం నడుమ ఇరుసు దూరే కుండను తుమ్మ మొద్దుతో చేస్తారు. ఆ మొద్దు ఏడాదిపాటు చెరువు బురదలో నానాలి. తమ్ముడు జహంగీర్ కొత్త బండికని వేసిన మొద్దును మాబు సాబ్ పదకొండు నెలలకే పైకి తీశాడు, పత్తి మార్కెట్టు మొదలవుతోందని. డెబ్బై ఆరు జనవరిలో ఎమ్మిగనూరు నుంచి పత్తి వేసుకుని వస్తుంటే, బాట దిగుడులో ఆ కుండ నిలువునా పగిలింది. బండి తిరగబడి జహంగీర్ దాని కింద పడ్డాడు. ఇంటికి శవమే వచ్చింది.

ఇక ఊళ్లో అందరూ వడ్రంగులైపోయారు. బాడిసె ఎటు పట్టుకోవాలో తెలియనివాళ్లు కూడా "నెల ముందు తీసినాడంట" అని తీర్పు చెప్పేవాళ్లే. మాబు సాబ్ ఎదురు చెప్పలేదు. తనకూ అదే అనిపించింది. చక్రాలు మానేసి కట్టెల అడితిలో కూలికి పోయాడు. లోపల ఏమీ ఉండేది కాదు, బాధ కూడా. తిమ్మిరెక్కిన కాలిలాగా మనిషంతా అయిపోయాడు. తమ్ముడి భార్య రహమత్ బీ అదే ఇంట్లో ఉండి రొట్టె చేసి పెట్టేది. అతను తినేవాడు. ఆ నెల సంగతి ఆమె ఒక్కనాడూ ఎత్తలేదు.

ఊరి బయట అటవీ శాఖవాళ్ల తోట ఒకటి ఉంది. చుట్టుపక్కల ఊళ్లలోని ఇరవై తుమ్మ మానుల కాయలు తెచ్చి, ఒక్కో తల్లి పిల్లలకు ఒక్కో నంబరు ఇచ్చి, ఒకే నల్లరేగడిలో పెంచారు. ఏ తల్లి పిల్లల కట్టె గట్టిదో చూడాలని పన్నెండేళ్లకు, ఎనభై ఆరులో, వాటిని కొట్టించారు. చీల్చడానికి మాబు సాబ్‌ను పిలిచారు. పద్నాలుగో నంబరు ఎవరి పిల్లలో అతనికి తెలుసు. జహంగీర్ బండికని పడగొట్టిన మానే వాటి తల్లి. అప్పుడు కాయల కోసం వచ్చిన ఆఫీసువాళ్లకు "ఇంత నిటారు మాను జిల్లాలో లేదు" అని గొప్పలు పోయి, సంచి నింపి ఇచ్చింది అతనే.

ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతూ, "ఈ పొద్దు మన మాను పిల్లల్ని చీలుస్తాండామమ్మా" అన్నాడు. రహమత్ బీ రొట్టె తడుతున్న చెయ్యి ఆగింది.

పదమూడో నంబరు గొడ్డలిని ఎగదన్నింది. నాలుగు దెబ్బలకు గాని నోరు తెరవలేదు. పద్నాలుగో నంబరు మొదటి తుంట మాత్రం ఒక్క వేటుకే విచ్చుకుంది. చేవ పట్టినట్టు పైకి కనిపించినా నడిమధ్యన సన్నగా పగిలి ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆ నంబరువి ఉన్న ఎనిమిదింట్లో ఏడు అట్లాగే తేలాయి. లెక్క రాసుకుంటున్న ఆఫీసరు జయన్న కుర్రవాడే గాని మనసున్నవాడు. పద్నాలుగో నంబరు తల్లి ఏదో, దాంతో చేసిన కుండ ఏమైందో అతనూ విని ఉన్నాడు. కలం ఆపి, మాబు సాబ్ ముఖం వంక చూశాడు.

"నేల ఒకటే, వాన ఒకటే, వయసొకటే మాబన్నా. తండ్రులు ఏ మానులో తెలీదు గానీ తల్లి ఒకటే. ఈ పగులు తల్లి నుంచే వచ్చింటాది. నువ్వు రెండేండ్లు నానేసినా ఆ కుండ నిలిచేది కాదు. నీ చేతి తప్పేం లేదు."

"సరే సారూ" అన్నాడు మాబు సాబ్. తొమ్మిదో తుంట కోసం చెయ్యి చాచాడు. పద్నాలుగో నంబరులో తొమ్మిదోది లేదు.

ఇంటిదారి పట్టాక, గుండె తేలికవుతుందేమోనని చూశాడు. కాలేదు. ఒక ఆలోచన మాత్రం మెల్లగా లేచింది. నానబెట్టడంలో తప్పు లేకపోతే తప్పంతా మానుది. ఆ మాను నందవరంలో రహమత్ బీ నాయన చేనిలోది. "మా నాయన సేన్లో బంగారట్లా మాను నిలబడుంటే అడితిలో కొనేదేంది బావా?" అని పట్టుబట్టి ఇప్పించింది ఆమే.

ఆమె గడపలోనే నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో మరి.

"ఏం తేలింది బావా?"

మాబు సాబ్ చెప్పులు విడిచాడు.

"మాను మంచిదేనంట. ఇనుమట్లా ఉంది కట్టె. నెల తక్కువ నానింది, అంతే."

"నిజమేనా? సారే సెప్పినాడా?"

"సారే."

రహమత్ బీ ఉన్నచోటే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ మాను నేనే ఇప్పిస్తి. మొగుణ్ణి నా చేతులారా నేనే సంపుకుంటి అనుకుంటి బావా. పదేండ్లు!" అంది. కాసేపటికి ఏడుపు ఆగింది, కోపం వచ్చింది. పదేళ్లుగా తన మీదే తిప్పుకున్న కోపమంతా అతని మీదికి మళ్లింది. వాకిలి దద్దరిల్లేటట్టు అరిచింది. "ఒక్క నెల ఆగలేకపోతివా? పత్తి యాడికి పోతాండె? నీ సొంత తమ్ముడే గదా!"

"ఆగలేకపోతినమ్మా" అన్నాడు మాబు సాబ్.

అన్నాక రొమ్ములో ఎక్కడో నొప్పి పుట్టింది. గోడ పట్టుకున్నాడు. తమ్ముడు చచ్చిపోయాడని అతనికి అప్పుడు తెలిసొచ్చింది.