చీటీ లేని రక్తపరీక్ష

దేవికను రక్తపరీక్ష చేయించుకోమని ఏ డాక్టరూ చెప్పలేదు. తనంతట తానే వెళ్ళి చేయి చాపింది.

మెదక్‌లో ఆర్డీవో ఆఫీసుకు ఎదురుగా ఆమెది జిరాక్సు షాపు. రెండు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ కూడా నడుపుతుంది. ఆఫీసు తెరిచి ఉన్న రోజుల్లో కులం సర్టిఫికెట్లనీ, పొలం పహాణీ నకళ్ళనీ వచ్చేవాళ్ళతో తల ఎత్తే తీరిక ఉండదు. కాని ఆ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బస్సులు డిపో దాటడం మానేశాయి. భర్త రఘుపతి ఆ ఎదురు ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటు. పొద్దున్నే నాలుగు మెతుకులు తిని చౌరస్తాలో సమ్మె టెంటు కిందికి వెళ్తే మళ్ళీ సాయంత్రమే రావడం. షాపులో దేవిక ఒక్కతే మిగిలింది. పనిలేని మనిషికి ఒంట్లో ప్రతి సలుపూ వినబడుతుంది.

కొన్ని నెలలుగా ఆమెకు నెలసరి మరీ ఎక్కువగా అవుతోంది. మేడ మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. నలభై దగ్గరపడుతుంటే అందరికీ ఇంతేనని సర్దిచెప్పుకుంది కాని, తల్లి దుర్గమ్మ కూడా ఇలాగే సర్దిచెప్పుకుందన్న సంగతి ఆమెకు మాటిమాటికీ గుర్తొచ్చేది. అల్లాదుర్గ్‌లో పొలం పనులు చేసుకుంటూ, పొత్తికడుపులో బరువుందని దుర్గమ్మ ఏడాది పైన ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి అండాశయంలో మొదలైన కేన్సరు కడుపంతా పాకింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు, "ఇన్ని రోజులు ఏం చేసిన్రమ్మా?" అని పక్కన నిలబడ్డ దేవికను అడిగాడు. తల్లి పోయింది గాని ఆ ప్రశ్న పోలేదు.

అందుకే, కొత్తగా తెరిచిన ల్యాబు ముందు "డాక్టరు చీటీ అవసరం లేదు" అని రాసిన ఫ్లెక్సీ చూడగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లోపల టెక్నీషియన్ రిచర్డ్ ఉన్నాడు. చర్చి కాంపౌండు వైపు కుర్రాడు, మాట మెత్తన.

"లేడీస్ ప్యాకేజీ ఉన్నది మేడం. రక్తం, షుగరు, థైరాయిడు అన్ని వస్తయ్. కావాలంటే కేన్సర్ టెస్టు గూడ కలుపుత."

"కేన్సర్ రక్తంల తెలుస్తదా?"

"అండాశయానిది ఒకటున్నది మేడం. సీఏ నూట ఇరవై అయిదు అంటరు. శాంపిల్ హైదరాబాద్ పంపుతం."

"మరి డాక్టరమ్మ రాసియ్యకపోతే ఎట్ల?"

"ఏం ఫికర్ లేదు. మీ ఒళ్ళు, మీ ఇష్టం. తెలుసుకోవాలనుకుంటే తెలుసుకోండ్రి."

ఆ మాట ఆమెకు నచ్చింది. దవాఖానకు పోతే ఎందుకొచ్చావు, ఇన్నాళ్ళెందుకు రాలేదు అని గద్దింపులే. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెకు ఆ రోజు నెలసరి జోరుగా ఉంది. దాని సంగతి రిచర్డ్ అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఇద్దరికీ తోచలేదు.

రిపోర్టు వచ్చిందని ఫోన్ వస్తే దాదాపు పరుగున వెళ్ళింది. రిచర్డ్ కవరు చేతికిస్తూ ఆమె ముఖంలోకి చూడలేదు. అక్కడే నిలబడి తెరిచింది. కాగితం నిండా అంకెలు. రెండు మూడింటి పక్కన చుక్కలు పడ్డాయి. రక్తం తక్కువని ఒక చుక్క. ఆడవాళ్ళలో ఎవరికి ఎక్కువుంది గనక! ఆ చుక్కను దాటి ఆమె చూపు చివరి పేజీకి పోయింది. సీఏ నూట ఇరవై అయిదు దగ్గర ముప్పయి అయిదు లోపల ఉండాలని రాసి ఉంది. తనది డెబ్బై ఒకటి.

"రిచర్డ్, ఇది ఏంది?"

"జర ఎక్కువున్నది మేడం. మేం చెప్పొద్దు, రూల్ గాదు. డాక్టర్‌కు చూపియ్యండ్రి."

"కేన్సరేనా?"

"అయ్యో, నేనట్లనలే మేడం! డాక్టర్‌కు చూపియ్యండ్రి."

నిన్నటిదాకా డాక్టరు అక్కర్లేదన్న నోటితోనే ఇవాళ డాక్టరు దగ్గరికి పొమ్మంటున్నాడు. దేవికకు కోపం రావలసింది, కాని కోపానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. కవరు కొంగు కింద దాచుకుని షాపుకు వచ్చింది.

కంప్యూటరు ముందు కూర్చుని ఆ పేరు కొట్టింది. ఇంగ్లీషు ఆమెకు బాగానే వస్తుంది, డిగ్రీ దాకా చదివింది. కాని భయంతో చదివేవాళ్ళకు కనబడేవి భయపు మాటలే. ఎన్నేళ్ళు బతుకుతారో లెక్కలున్నాయి. ఆ లెక్కల కిందే, ఇతర కారణాల వల్ల కూడా ఈ అంకె పెరగవచ్చు అని ఒక వాక్యం ఉంది. ఆ కారణాలేమిటో చూద్దామని నొక్కింది. పేజీ సగం తెరుచుకుని కరెంటు పోయింది. సమ్మె వల్ల బొగ్గు రాక కోతలు మొదలైన రోజులవి. నల్లబడిన తెరలో తన ముఖమే కనిపించింది, తల్లి ముఖంలా పాలిపోయి.

పక్కన చాయ్ బండి ఆగమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. "ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పీక్కపోయింది? సమ్మె ఇయ్యాల కాకపోతే రేపు అయిపోతదిలే."

"ఏం లేదక్కా, తల నొస్తున్నది," అంది దేవిక. చాయ్ అలాగే చల్లారిపోయింది.

మళ్ళీ కరెంటు వచ్చాక ఆమెకు ఆ పేజీ తెరిచే ధైర్యం రాలేదు. కారణాల్లో తనది ఒక్కటీ లేకపోతే? ఆ చిన్న ఆశ కూడా పోతుంది. అన్నం సయించక అలా రోజులు గడిచాయి. ఎక్కడికని వెళ్తుంది? సర్కారు దవాఖానలో డాక్టర్లు కూడా సమ్మెకు మద్దతుగా ఓపీ బందు పెట్టారు. హైదరాబాదుకు బస్సు లేదు. ఊళ్ళో స్నేహలత డాక్టరమ్మ నర్సింగ్ హోం తెరిచే ఉంది, కూతురు ఆశ్రిత పుట్టింది కూడా అక్కడే. కాని ఆ డాక్టరమ్మ నోరు మెదక్‌లో అందరికీ తెలిసిందే. "నిన్నెవరు చేయించుకోమన్నరు?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఇంకోసారి పరీక్ష చేయిస్తే తేలిపోతుందని ల్యాబుకు వెళ్ళింది. ఈసారి అన్ని కేన్సర్లకూ కలిపి చేయమంది. రిచర్డ్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"వద్దు మేడం. ఒకటి చేస్తే ఇంకోటి ఎక్కువస్తది, మీరు ఇంక పరేషాన్ అయితరు. శాంపిల్ బండి గూడ పోతలేదు, తూప్రాన్ కాడ రాస్తారోకో అంట. పోండ్రి మేడం, స్నేహలత మేడం కాడికి పోండ్రి."

ఇంట్లో ఆమె కొత్త పట్టుదల ఒకటి పెట్టుకుంది. కాలేజీ లేక ఇంట్లోనే ఉన్న ఆశ్రితను వంటింట్లోకి పిలిచి పప్పుచారు పెట్టించింది, గంజి వార్పించింది, బీరువాలో ఏది ఎక్కడుందో చూపించింది. ఇంటర్ చదివే పిల్లకు అదంతా విసుగు.

"ఎందుకమ్మా గిట్ల సతాయిస్తున్నవ్? నువ్వున్నవ్ గదా చేయనీకి?"

దేవిక చేతిలో గరిటె ఆగిపోయింది. "రేపు నేను యాడికన్న పోతే నాయిన ఏం తింటడే?" అనబోయి, ఆపుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆశ్రిత వెనకాలే వచ్చి, "కోపమొచ్చిందా? చేస్తలే," అంది. దేవిక పిల్ల వైపు తిరగకుండా తలూపింది.

రఘుపతికి మాత్రం ఎలా చెప్పాలి? సాయంత్రం ఇంటికొచ్చేవాడు గొంతు బొంగురుపోయి, కళ్ళు మెరుస్తూ, ఇక వచ్చేసినట్టే తెలంగాణ అన్నట్టుగా. ఆ మెరుపు మీద నీళ్ళు చల్లలేక ఊరుకునేది. ఊరుకున్నకొద్దీ తను తల్లిలా తయారవుతున్నానని తెలుస్తూనే ఉంది. తెలుసుకోవడానికే కదా పరీక్ష చేయించుకుంది! తెలుసుకుని కూడా దాచుకుంటే దుర్గమ్మకూ తనకూ తేడా ఏముంది?

చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు ఉద్యోగుల ఇళ్ళ ఆడవాళ్ళందరూ వెళ్ళారు. నడిరోడ్డు మీద రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించారు. డప్పులు మోగుతున్నాయి. దేవిక కూరగాయలు తరిగి, పెద్ద డేగిసాలో అన్నం కలియబెడుతుంటే పొగ కళ్ళకు కమ్మింది. కమ్మింది పొగ కాదని, చుట్టూ మనుషులు దూరం జరుగుతున్నట్టు అనిపించాక అర్థమైంది. తెడ్డు జారింది. ఎవరో రెక్క పట్టుకుని టెంటు నీడలో కూర్చోబెట్టారు. రఘుపతి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఏమైంది? పొద్దుగాల ఏం తినలేదా?"

"నాకు అమ్మకు వచ్చిందే వచ్చింది," అంది దేవిక. అన్నాళ్ళు దాచిన మాట అలా డప్పుల చప్పుడులో బయటపడింది.

అతను వినబడక ముఖం దగ్గర పెట్టాడు. మళ్ళీ చెప్పింది. ల్యాబు, అంకె, చుక్క, అంతా. వింటున్నకొద్దీ రఘుపతి ముఖం మారిపోయింది.

"ఎవల్ని అడిగి చేయించుకున్నవ్? చేయించుకుంటివి, నాకెందుకు చెప్పలే? నేను సచ్చిన్నా?" అని అరిచాడు. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. అతని చేయి మాత్రం ఆమె మోచేతి మీదే ఉంది. "లే. నడువు," అన్నాడు మెల్లగా. "బండి మీద గట్టిగ పట్టుకోని కూసో."

స్నేహలత డాక్టరమ్మ అరవై దాటిన మనిషి. రిపోర్టును మొదటి పేజీ నుంచి చదివింది. ఆఖరి పేజీ దగ్గర ఆగుతుందని దేవిక ఎదురుచూసింది. ఆమె మొదటి పేజీకే తిరిగొచ్చింది.

"రక్తం ఆరుంబావు ఉన్నది. ఇది చూడలేదా నువ్వు?"

"ఆడోళ్ళకు తక్కువే ఉంటది గద మేడం..."

"తక్కువుండుడు వేరు, ఇది వేరు. బియ్యం బుక్కుతున్నవా?"

దేవిక ఉలిక్కిపడింది. డబ్బా దగ్గరికి పోయినప్పుడల్లా గుప్పెడు బియ్యం నోట్లో వేసుకోవడం ఆమెకు అలవాటైంది. అది ఎవరికీ తెలియదనుకుంది. తలూపింది.

"రక్తం లేకుంటే గట్లనే అనిపిస్తది. రక్తం ఇచ్చిననాడు బయటున్నవా?"

"ఆ. బాగ పోతుండె."

"మరింకేంది! ఆ టైముల ఈ అంకె పెరుగుతది. గర్భసంచిల గడ్డలున్నా పెరుగుతది. కేన్సరున్నోళ్ళల్ల కొందరికి అసలు పెరగనే పెరగది. ఊరికే తీసి చూసే పరీక్ష గాదమ్మా ఇది. పండు, స్కాన్ చేస్త."

చల్లని జెల్లు పొట్ట మీద పడింది. తెర వైపు చూడకుండా దేవిక గోడ మీది ఫ్యానును చూస్తూ పడుకుంది. డాక్టరమ్మ యంత్రాన్ని పొట్ట మీద అటూ ఇటూ జరుపుతూ చూసింది. ఆ కాసేపట్లో దేవిక మొక్కని దేవుడు లేడు.

"అండాశయాలు రెండు మంచిగున్నయ్," అంది డాక్టరమ్మ చివరికి. "సంచిల గడ్డ ఉన్నది, నిమ్మకాయంత. చూడనీకి కేన్సర్ తీరు లేదు, కొవ్వుగడ్డ లెక్క మామూలు గడ్డ. గాని నీ రక్తమంత తాగుతున్నది ఇదే. ఇంక కొన్నాళ్ళు గిట్లనే ఊకుంటే గుండె మీదికొచ్చేది."

గోడకు ఆనుకుని నిలబడ్డ రఘుపతి ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. "అయితే మేడం, ఆ పరీక్ష చేయించుకునుడు మంచిదైందా, చెడ్డదైందా?"

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ దేవిక వైపు చూసింది. "వట్టి పుణ్యానికి ఇన్ని రోజులు చావు భయం పడ్డది. అన్నం మానింది, ఉన్న రక్తం ఇంక తగ్గించుకున్నది. చెడ్డదే. గాని ఆ కాగితం లేకుంటే ఈమె ఈ గడప తొక్కేదా? అడుగు."

దేవిక తల దించుకుంది. తొక్కేది కాదు.

"మీ అమ్మకున్నది గనక నువ్వు చూపించుకోవాలె. ఆ భయం తప్పు గాదు. ఒక్కదానివే పెట్టుకునుడు తప్పు," అంది డాక్టరమ్మ. తర్వాత మామూలు గొంతు వచ్చేసింది. "ఇన్నేండ్లు నా మొఖం చూడకుండ యాడ పోయినవ్? రేపటి నుంచి రక్తం ఎక్కియ్యాలె. అన్నం తిను ముందుగాల."

రక్తం ఎక్కించారు, ఇనుము సూదులు వేశారు. సమ్మె విరమించి బస్సులు తిరిగాక హైదరాబాదులో ఆపరేషన్ అయింది. తీసిన గడ్డను పరీక్షకు పంపి, జవాబు వచ్చేదాకా మళ్ళీ ఆమెకు నిద్ర లేదు. ఈసారి మాత్రం మంచానికి ఆ పక్క రఘుపతికీ లేదు. మామూలు గడ్డేనని తేలింది. కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మే చీటీ రాసి ఆ రక్తపరీక్ష మళ్ళీ చేయిస్తే అంకె దిగిపోయింది. దేవిక ఆ కాగితాన్ని చూసి ఏడ్చింది. అయినా భయం పూర్తిగా పోలేదు. కడుపులో కాస్త నొప్పి వచ్చినా, ఒకసారి వెళ్ళి పరీక్ష చేయించుకుంటే పోలా అని మనసు లాగేది. రఘుపతితో అనేది. ఒక్కోసారి అతను వద్దనేవాడు, ఒక్కోసారి డాక్టరమ్మ దగ్గరికి బండి తీసేవాడు.

ఆఫీసులు నడుస్తూ షాపు మళ్ళీ కిటకిటలాడుతున్న ఒక మధ్యాహ్నం ఆగమ్మ లోపలికి వచ్చి, ఎవరూ వినకుండా వంగింది.

"బిడ్డా, నువ్వు చేయించుకున్నవు గద ఆ ప్యాకేజీ? కాళ్ళు మస్తు గుంజుతున్నయ్. నేను గూడ చేయించుకుందునా?"

"డాక్టరమ్మ కాడికి పోరాదక్కా ముందుగాల."

"అమ్మో, ఆమె తిడతది. రిచర్డ్ అయితే మంచిగ మాట్లాడతడు."

ఆగమ్మ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. వరుసలో ఉన్న ఇద్దరికి కాగితాలు తీసిచ్చి, మిగిలినవాళ్ళను కాసేపు ఆగమంది. షట్టరు సగం దించింది.

"పా. తిట్లు నేను తింట, నువ్వు కాళ్ళు చూపెట్టు," అంది. ఆగమ్మ గొణుక్కుంటూనే చాయ్ బండి మీద గుడ్డ కప్పింది.