పొరుగింటి గిన్నె

ముప్పాళ్ళలో పొలం గట్టు తగాదా వస్తే మల్లికార్జునరావు నోరు విప్పందే తెగదు. అలాంటి నోటికి, భార్య సుశీల పోయిన నాలుగో నెలలో తాళం పడింది. గుండెల్లో ఏదో బరువు. గ్యాసేమోనని మాత్ర కూడా వేసుకున్నాడు. ఎవరితోనైనా చెప్పుకుంటే తగ్గుతుందని తోచింది గానీ, ఏమని చెప్పుకోవాలో మాత్రం తోచలేదు.

ఆదివారం ఎదురింటి ఖదీజా గోంగూర పప్పు పంపింది. పాతికేళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని సుశీల పట్టు. అందుకని సోమవారం కడిగిన గిన్నెలో ఎండుమిరపకాయలు వేసుకుని తనే బయలుదేరాడు. ఆ వంకన కాసేపు కూర్చుని, ఖదీజా మొగుడు మహమూద్‌తో ఆ మాటేదో చెప్పేయాలని.

మహమూద్ వాకిట్లో స్ప్రేయర్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

"ఏంది మల్లన్నా?"

"ఏం లేదురా. ఈసారి మిరపకి తెగులు చానా ఉందంట."

పావుగంట తెగులు గురించే మాట్లాడి లేచాడు. ఖదీజా అదే గిన్నెలో దోసకాయ పచ్చడి పెట్టి చేతికిచ్చింది.

మంగళవారం పంచదార పట్టుకెళ్ళి కాలవ నీళ్ళ గురించి మాట్లాడాడు. బుధవారం బెల్లం పట్టుకెళ్ళి అసలు మాట్లాడకుండానే వచ్చాడు. ఊరందరి నోళ్ళూ విప్పించే పెద్దమనిషికి తన నోరు ఎందుకు పెగలడం లేదో అంతుచిక్కలేదు. తనకు కావలసింది ఓదార్పో, మందో, నాలుగు చీవాట్లో అదీ తెలియలేదు. తన మీద తనకే చిరాకు పుట్టింది.

గురువారం మహమూద్ వాకిట్లోకి వెళ్ళి మూత తీస్తే గిన్నెలో ఏమీ లేదు.

"ఏంది మల్లన్నా, అట్టా నిలబడిపోయావ్?"

"వట్టి గిన్నె తెచ్చాన్రా," అన్నాడు సిగ్గుపడుతూ. "డబ్బాలన్నీ తీసి చూశా. ఏం పెట్టాలో తెలవలా. ఎట్టా వచ్చానో అదీ తెలవలా. మీ వదిన ఉంటే చెప్పేది."

అంత మనిషీ గిన్నె పట్టుకుని భోరుమన్నాడు.

మహమూద్‌ నూనె చేతులు లుంగీకి తుడుచుకుని, గిన్నె అందుకుని స్టూలు జరిపాడు. ఖదీజా టీ తెచ్చింది. మనసు తేలికయిందో లేదో అర్థంకాకుండానే మల్లికార్జునరావు వట్టి చేతులతో ఇంటికొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే మహమూద్, చేతిలో అదే గిన్నె. మల్లికార్జునరావు అలవాటుగా మూత తీసి చూశాడు. ఖాళీ.

"ఏందిరా ఇది?"

"ఖదీజా ఏదో పెడతానంది. నేనే వద్దన్నా. నీతో ఏం మాట్లాడాలో నాకూ తెలవదు మల్లన్నా," అని మహమూద్ అరుగు మీద కూర్చున్నాడు.

మల్లికార్జునరావు గిన్నె ఒళ్ళో పెట్టుకుని అతని పక్కనే కూర్చున్నాడు.