నా అట్ట మీది పిల్ల

నేను ఒక నవలను. పేరు ‘ఏడు నిలువుల నుయ్యి’. నా పేరు మీరు విని ఉండరు, ఆ సంగతి నాకు తెలుసు. నా పక్కన కూర్చునే ‘కెంపుల కిటికీ’ పేరు మాత్రం ఊరందరికీ తెలుసు. ఎందుకు తెలుసో చెబుతాను. చెబుతుంటే నా కడుపు మండుతుంది, అయినా చెబుతాను.

నాలో ఉన్నదల్లా నలుగురు ముసలివాళ్లు, వాళ్లు తవ్వే ఒక నుయ్యి, దానికోసం వాళ్ల పోట్లాట. ఆడపిల్ల ఊసే లేదు. బెజవాడలో నన్ను అచ్చేసిన పబ్లిషరుకి ఆ సంగతి బెంగ పట్టుకుంది. నుయ్యి బొమ్మ చూసి ఎవడు కొంటాడు, అట్ట మీద ఆడపిల్లని వెయ్యమని ఆర్టిస్టుకి కబురు పెట్టాడు. ఆ ఆర్టిస్టు గారికి చేతినిండా పని. లోపల ఏముందో చదివే తీరిక ఎక్కడిది? పొద్దున కబురు అందితే సాయంత్రానికి బొమ్మ పంపించాడు. ఒకవైపు జడ, రెండోవైపు విరబోసిన జుట్టు, బుంగమూతి పెట్టిన ఎనిమిదేళ్ల పిల్ల. అలా నా మొహాన నాకు సంబంధం లేని ఒక పిల్ల వచ్చి కూర్చుంది.

ఈ ఊరి గ్రంథాలయానికి వచ్చాక నన్ను చాలామందే తీసుకెళ్లారు. అందరూ ఆ పిల్ల కోసమే. ఇంటికెళ్లి చదివి, పిల్ల ఏదండీ అని కౌంటరు దగ్గర తగువు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పైన పటారం లోన లొటారం అన్నాడొక పెద్దమనిషి. నా నుయ్యి లొటారమట! అప్పటినుంచే నాకు నా అట్టంటే అసూయ.

చిరిగి చిరిగి చివరికి నేను బైండింగుకి వెళ్లాను. బైండరు దానయ్య నా అట్ట ఊడదీసి పక్కన పడేస్తే, పీడా విరగడైందనుకున్నాను. ఆరోజే ‘కెంపుల కిటికీ’ కూడా వచ్చింది. దాని అట్ట మీద ఎర్రచీర కట్టుకుని కిటికీలోంచి చూస్తున్న అమ్మాయి. దానయ్య ఆ బొమ్మని చూసి ముచ్చటపడి, దాని కొత్త బైండు మీద మళ్లీ అంటించాడు. నాకు మాత్రం ఆకుపచ్చ గుడ్డ చుట్టి, వీపున పేరు రాసి ఊరుకున్నాడు. నా అట్ట ఏ చెత్తలో కలిసిందో నేను చూడలేదు. అప్పటికే నన్ను చెక్కల మధ్య బిగించేసి ఉంచాడు.

చాలా ఏళ్లు అలాగే గడిచాయి. మొన్నామధ్య నస్రీన్ అనే అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరి, పుస్తకాలన్నిటినీ కంప్యూటరెక్కించింది. ఆ కంప్యూటరు సరిగ్గా నా బీరువాకి ఎదురుగానే ఉంది, నా ఖర్మ. మీరు ‘నవలలు’ అని కొడితే చాలు, తెర మీద వరసలు వరసలుగా అట్టల బొమ్మలు వస్తాయి. నస్రీన్ వాటిని ఎంత ముద్దుగా దిద్దిందనుకున్నారు! అన్నీ ఒకే ఎత్తు, మూలలు గుండ్రం, వెనక సన్నటి నీడ. వేలు పెడితే బొమ్మ కాస్త ముందుకొచ్చి, పెళ్లిచూపుల్లో పిల్లలా నిలబడుతుంది. అట్ట లేనివాళ్లకి మాత్రం ఒక బూడిదరంగు గడి, అందులో ‘ముఖచిత్రం లేదు’ అని రెండు ముక్కలు.

నేను ఆ గడిలో ఉన్నాను. నా పక్క గడిలో ‘కెంపుల కిటికీ’.

వచ్చినవాళ్లంతా దాన్నే నొక్కేవారు. అది వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. వచ్చినప్పుడల్లా దాని ఒంటినిండా ఎవరింటి పోపు వాసనో. నా మీద దుమ్ము. నిజం చెప్పొద్దూ, దాని కుట్లు ఊడిపోవాలని రోజూ కోరుకున్నాను. దానికి తోడు, ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలని ఏడాది చివర తూకానికి వేసేస్తారని లైబ్రేరియన్ గారు నస్రీన్‌తో అంటుంటే విన్నాను. ఒక్కరైనా నన్ను తెరవకపోతే నా నుయ్యి పొట్లాల పాలవుతుంది.

అలాంటి రోజుల్లో వకుళ గారు వచ్చారు. అరవై దగ్గర పడ్డ మనిషి. వాళ్ల నాన్నగారు ఒకప్పుడు నవలలకి అట్టలు వేసేవారట. ఒకసారి తననే ఎదురుగా నిలబెట్టి బొమ్మ వేశారట. ఏ నవలకో ఆయన చెప్పలేదు, ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

“అమ్మ ఒక జడ వేసింది. రెండోది వేసేలోపు నాన్న పిలిచేశారు. అలాగే నిలబెట్టి వేశారు తల్లీ. ఆ బొమ్మ ఒక్కసారి చూడాలనుంది” అన్నారావిడ నస్రీన్‌తో.

ఆ ఒంటిజడ పిల్ల నా అట్ట మీదిదే. నస్రీన్ తెర జరుపుతూ పోయింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో బొమ్మా చూశారు. నా బూడిద గడి వచ్చింది, వెళ్లింది. ‘కెంపుల కిటికీ’ దగ్గర మాత్రం ఆగారు. ఈ గీత నాన్నగారి చెయ్యిలాగే ఉంది, పుస్తకం ఒకసారి చూపించమన్నారు. ఇక్కడ కూడా అదేనా అని నేను ఉడికిపోయాను.

ఊరంతా తిరిగిన ఒళ్లు కదా, తెరవగానే దాని అట్ట లోపలి కాగితం లేచిపోయింది. దాని కింద ఇంకో కాగితం, రంగు రంగులది. దానయ్య సంగతి అప్పుడు తెలిసింది నాకు. అట్ట పల్చగా ఉందనిపిస్తే, ఊడదీసిన పాత అట్టలు లోపల అంటించి గట్టిపరిచేవాడు. నస్రీన్ తడిగుడ్డ అద్ది, మెల్లగా ఊడదీసింది. ఒకవైపు జడ, బుంగమూతి. పైన నా పేరు. ఇన్నేళ్లూ నా మొహాన్ని నా పక్కనే ఉన్న ఆ మహాతల్లి కడుపులో దాచుకుని ఊరేగిందన్నమాట.

వకుళ గారు ఆ కాగితాన్ని నిమురుతూ చాలాసేపు ఏడ్చారు. నస్రీన్ దాన్ని ఫోటో తీసి నా బూడిద గడిలో పెట్టింది. లైబ్రేరియన్ గారిని అడిగి, అసలు కాగితం ఆవిడకే ఇచ్చేసింది. ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని వెళ్లిపోయారు. నన్ను అడగనైనా అడగలేదు. ‘కెంపుల కిటికీ’ దానయ్య కొడుకు దగ్గరకి కుట్టుకి వెళ్లింది. కోరుకున్నది జరిగినా నాకు సంతోషం రాలేదు. తెర మీద నా బొమ్మని జనం రెండు వేళ్లతో పెద్దది చేసి, భలే ఉందని మెచ్చుకుని, పక్క గడికి పోయేవారు.

వారం తిరక్కుండా ఆవిడ మళ్లీ వచ్చారు.

“ఆ నవల కావాలమ్మా. నాన్న నన్ను ఏ పిల్లగా వేశారో చదవాలి” అన్నారు.

నస్రీన్ నన్ను తీసి దుమ్ము దులిపింది. ఏళ్ల తర్వాత ఒక చెయ్యి నా మీద పడింది, అదీ ఆ పిల్ల కోసమే. నాలో ఏ పిల్లా లేదు తల్లీ అని ఎలా చెప్పను? వకుళ గారింట్లో ఆ అట్టని ఫ్రేము కట్టి గోడకి పెట్టారు. ఆవిడ దాని కింద కూర్చుని నన్ను చదివేవారు. ఒక పేజీ తిప్పడం, తలెత్తి దాని వంక చూడడం. ప్రతి పేజీకీ దానికే ఒక చూపు. ముసలివాళ్లు మూడో నిలువు తవ్వేసరికి కూడా పిల్ల రాలేదు.

గడువు నాటికి నన్ను తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టారు. ఇందులో మీరు కనిపించారా అమ్మా అని నస్రీన్ అడిగింది. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

“లేను తల్లీ. నాన్న చదవకుండానే వేసేశారు, ఆయన సంగతి నాకు తెలీదూ?” అని ఆవిడ నవ్వారు. “సగందాకా వెతికాను. ఆ తర్వాత నీళ్లు పడతాయో లేదోనన్న గాభరాలో వెతకడమే మర్చిపోయాను. మళ్లీ నా పేరునే రాయి. ఈసారి నిదానంగా చదువుకుంటాను.”

ఇప్పుడు ఆవిడ ఒళ్లోనే ఉన్నాను. గోడ మీద ఆ పిల్ల ఒక జడతో, బుంగమూతితో మమ్మల్నే చూస్తోంది. ముసలివాళ్లు ఆరో నిలువులో ఉన్నారు, మన్ను తడిగా తగులుతోంది. ఆవిడ ఒక్కసారి కూడా తలెత్తలేదు.