సారవ్వ పేరు

ఆగయ్య రిటైరై పదేళ్లు దాటినా కాళ్లు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. మతి తప్పినప్పుడల్లా బూట్లు తొడుక్కుని తన పాత బొగ్గుగనికి బయలుదేరేవాడు. ఆ గని ఇప్పుడు లేదు. ఆ చోటంతా పైనుంచి తవ్వి ఓపెన్‌కాస్టు చేశారు. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగించి అక్కడ బ్లాస్టింగు చేస్తారు.

ఆయన్ను ఆపగలిగింది భార్య సారవ్వ ఒక్కతే. ఆమె పోయిన ఏడాది చనిపోయింది. బతికుండగా మనవరాలు యమున సాయంతో 'సారవ్వ' పేరుతోనే ఆన్‌లైన్లో వంటల వీడియోలు పెట్టేది. ఒకదాంట్లో అంబలి కలుపుతూ మొగుణ్ని కసురుతుంది: "యాడికి పోతవ్? ఇయ్యాల నీకు ప్లేడే. కూసో." ప్లేడే అంటే గనోళ్ల వారపు సెలవు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆగయ్య బూట్లు విప్పేసేవాడు. ఆయనకు చూపు ఆనదు, చదువు రాదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని "సారవ్వ" అంటే అదే వెతికి ఆ వీడియో పెట్టేది, ఆమె పలికేది. ఆ ధీమాతోనే యమున బట్టల షాపులో పనికి పోయేది.

వేసవిలో నోటీసు వచ్చింది. 'సారవ్వ' అన్నది హైదరాబాదులో ఓ మసాలా పొడుల కంపెనీ ట్రేడ్‌మార్కట, వంటల పేజీకి ఇంకెవరూ ఆ పేరు వాడకూడదట. అది మా నాయినమ్మ పేరు, మీకంటే ముందే పెట్టుకుంది అని యమున రాసింది. రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగారు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టి ట్రేడ్‌మార్కు తీసుకునే తెలివి ఆ తల్లిదండ్రులకు లేకపోయింది మరి. చివరికి పేరు కంపెనీకి పోయింది. వీడియోలు 'యమున నాయినమ్మ' అన్న కొత్త పేరు కింద మిగిలాయి. పోయింది పేరే కదా అని యమున సరిపెట్టుకుంది.

కానీ 'సారవ్వ' అని పిలిస్తే ఫోను ఇప్పుడు కంపెనీ వీడియోలే పెడుతోంది. తాతకు కొత్త పేరు నేర్పబోతే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దాని పేరు సారవ్వనే బిడ్డా. నేను గట్లనే పిలుస్త."

యమునకు ఏడుపొచ్చింది. మర్నాడు పనికి పోతూ తానే ఆ వీడియో పెట్టి, ఫోను ఆయన చేతికిచ్చి వెళ్లింది. వీడియో ఎంతసేపని ఉంటుంది?

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం పక్కన బూట్లు లేవు. మంచం మీద ఫోను మాట్లాడుతూనే ఉంది. కంపెనీ కొత్త ప్రకటన. ఎవరో ముసలామె గొంతు, అచ్చం ఇక్కడి యాసలో, అదే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది.

"నేను సారవ్వను. సద్ది డబ్బా కట్టిన. జల్ది డ్యూటీకి పో."

యమున చెప్పుల్లేకుండానే ఎండలోకి పరుగెత్తింది. వీధి మలుపు తిరగకముందే ఓపెన్‌కాస్టు వైపు నుంచి బ్లాస్టింగు సైరన్ మోగింది.