దూది దుమ్ము

నా మనవడి ఛాతీలో దూది దుమ్ము పేరుకుందని బజారంతా చాటినవాడు నా వియ్యంకుడే. నాది దిండ్ల దుకాణం. ఆయనది ఎదురుగా దిండు గలేబుల కొట్టు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ నా కూతురు నా గల్లాపెట్టె దగ్గరే కూర్చుంది. బిడ్డ పుడుతూనే నీలంగా మారి ఏడవలేకపోయాడు. ఇక ఆయన నోటికి మూత పడలేదు. బేరాలు తగ్గితే ఓర్చుకునేవాణ్ణి. కానీ అమ్మాయి ఆ మాట నమ్మింది. బిడ్డను ముట్టుకోవడానికే భయపడి, చేతులు కడుక్కుంటూ కూర్చునేది. ఈ లెక్క తేల్చకుండా వదిలితే నేను వ్యాపారినే కాను.

బజారు పెద్దను వెంటబెట్టుకుని, బిడ్డకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఛాతీకీ పొట్టకీ మధ్య ఒక పొర ఉంటుందట. అది కడుపు పండిన తొలి నెలల్లోనే మూసుకోవాలి. వీడికి మూసుకోలేదు. ఆ సందులోంచి పేగులు పైకెక్కి కూర్చుంటే, ఎడమ ఊపిరితిత్తికి పెరిగే చోటు లేకపోయింది. ఆవిడ పేగులు కిందికి దించి సందు కుట్టేసింది. మరి దుమ్ము సంగతేమిటని అడిగాను.

"కడుపులో బిడ్డ గాలి పీల్చడండీ. ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. దుమ్ము ఎటునుంచి పోతుంది?" అంది.

ఇంటికొచ్చి చెబితే అమ్మాయి తలూపింది. మళ్ళీ కుళాయి దగ్గరికే వెళ్ళింది.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. దిండులో చెత్త దూది ఉందని ఎవరైనా అంటే, అందరి ముందూ కుట్టు విప్పుతాం. చెత్త లేకపోతే, అన్నవాడే వీధిలో కూర్చుని తిరిగి కుట్టాలి.

బజారు నిండుగా ఉన్న పూట ఆయన్ను మా ఇంటి మెట్ల దగ్గరికి పిలిచి, విప్పిన దిండు ఒళ్ళో పెట్టాను.

"బావగారూ, మీరు అనుమానపడ్డ చోటు డాక్టరమ్మ విప్పి చూసింది. పద్ధతి మీకు తెలుసుగా."

అయినవాళ్ళ మధ్య ఇవన్నీ ఎందుకని నవ్వేశాడు. చాటేటప్పుడు అయినవాళ్ళు కారా అని పెద్ద అడిగాడు. సూది పట్టక తప్పలేదు. కుట్టించి అమ్మడమే గానీ ఆయన సూది పట్టి ఎన్నాళ్ళయిందో, దారం ఎక్కించడానికే చెమటలు పట్టాయి. నాకు కడుపు నిండిపోయింది.

అప్పుడు అమ్మాయి బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగింది. మామగారిని లేపమంటుందనుకున్నాను. వంగి కుట్టును గోటితో లాగి చూసింది.

"వదులుగా ఉంది నాన్నా. విప్పి మళ్ళీ కుట్టమనండి."